ఆయన బిగించిన షాఫ్టు

"తొక్కు" అన్న మాట కింద నుంచి రాగానే, వెనక చక్రాలు తిరగకుండా ఆమె బ్రేకు తొక్కిపట్టింది. సీటు కింద ఎక్కడో ఇనుముకి ఇనుము ఒరుసుకుంది, బలమంతా భుజంలోకి తెచ్చుకుంటున్న మనిషి మూలుగు వినపడింది, బిగుసుకుపోయిన నట్టు కిర్రుమని లొంగింది. "వదులు." వదిలింది. బండి వెనకభాగం రెండు ఇనప స్టాండ్ల మీద గాల్లో ఉంది. ముందు చక్రాలకి అటూ ఇటూ రాళ్ళు పెట్టి ఉన్నాయి. ఈయన కిందికి దూరబోయే ముందు ఆమె ఆ రాళ్ళని కాలితో తన్ని చూసింది, సీటెక్కబోయి మళ్ళీ దిగి ఇంకోసారి తన్ని చూసింది. ఈయన విసుక్కోలేదు. నవ్వలేదు కూడా. గోనెపట్టా మీద కూర్చుని, రెంచీ ఒళ్ళో పెట్టుకుని, ఆమె చూడటం పూర్తయ్యేదాకా బస్సు కోసం ఆగినవాడిలా తీరిగ్గా ఆగాడు.

ఈయన అంటే ఇప్పుడు బండి కింద ఉన్నాయన. ఆయన అంటే పోయినాయన. మొగుణ్ణి పేరు పెట్టి పిలిచే అలవాటు ఆమెకి ఎన్నడూ లేదు, అందుకని రెండో పెళ్ళయిన కొత్తలో ఇంట్లో పెద్ద గందరగోళమే నడిచింది. ఆయన కుర్చీ అంటే ఎవరి కుర్చీ, ఆయన తువ్వాలు అంటే ఏ తువ్వాలు, ఆయన అన్నారు అంటే ఏ ఏడాది అన్నారు. చివరికి అత్తయ్యే విసుక్కుని తేల్చేసింది. "దూరంగా ఉన్నవాణ్ణి ఆయన అను, దగ్గరున్నవాణ్ణి ఈయన అను. మాటలు నేర్చుకుంది ఎందుకు మరి" అంది. అని, లోపలికి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. దూరంగా ఉన్నవాడు ఆవిడ కడుపున పుట్టినవాడు. ఆ సాయంత్రం ఆమె తలుపు దగ్గరికి రెండుసార్లు వెళ్ళి తట్టకుండా తిరిగి వచ్చింది. తలుపు తెరుచుకున్నాక అత్తయ్య అడిగిన మొదటి మాట, కూరలో ఉప్పు వేశావా అని.

"తొక్కు." తొక్కింది. స్టీరింగు మీద బొటనవేలు ఆనేచోట నల్లతోలు అరిగిపోయి నున్నగా మెరుస్తోంది. అది ఆయన బొటనవేలు అరగదీసింది. ఆమె చెయ్యి చిన్నది, ఆ నునుపు దాకా రాదు, రావాలని ఎప్పుడూ ప్రయత్నించలేదు. క్యాబిన్ నిండా మైనం వాసన. ఎన్నిసార్లు కడిగినా పోదు. ఈ బండి తేనెపెట్టెలు మోయడానికే ఆయన కొన్నది. అప్పటికే పాతది, రంగు వెలిసినది, కానీ నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందుతుంది, బురదలో దిగినా గట్టెక్కుతుంది, కొండ మీద పూలతోటల దాకా పెట్టెల్ని మోసుకుపోతుంది. పూలు ఎక్కడుంటే పెట్టెలు అక్కడుండాలి, పూలు మనకోసం ఆగవు కదా అనేవాడు ఆయన. మట్టిదారుల్లో ఎద్దు నడిచినట్టు నడిచేది బండి. తర్వాత దారికి తారు వేశారు. దారి నున్నగా అయ్యాకే బండికి ఈ రోగం బయటపడింది. యాభై దాకా బాగానే ఉంటుంది, యాభై దాటగానే కాళ్ళ కింద రేకు సన్నగా వణకడం మొదలుపెడుతుంది, అరవైకి సీటు, ఆ పైన అద్దంలో వెనక దారి మొత్తం నీళ్ళలో నీడలా చెదిరిపోతుంది. పోయిన సీజన్లో కొండ ఎక్కించి మూత తీసి చూస్తే, కొత్త మైనపు పట్లు చట్రాల్లోంచి విరిగి పెట్టె అడుగున గుట్టగా పడి ఉన్నాయి. వాటి కింద రాణీగ నలిగిపోయింది. ఆ పెట్టెలో ఈగలు ఆ తర్వాత ఏం చెయ్యాలో తెలియక రెండు రోజులు అంచు మీద తిరిగిన తిరుగుడు ఆమె ఇంకా మరిచిపోలేదు. తల్లి లేని ఇల్లు ఎలా ఉంటుందో ఆమెకి కొత్త కాదు, అయినా చూడలేకపోయింది.

రేపు తెల్లారి మళ్ళీ పెట్టెలు ఎక్కించాలి. కొండ మీద పూత వచ్చేసింది. నిదానంగా పోతే చాలదా అంటే చాలదు, ఎండెక్కేలోపు చేరకపోతే మూసిన పెట్టెల్లో ఈగలు ఉడికిపోతాయి. ఊళ్ళో మెకానిక్కు టైర్లన్నాడు, టైర్లు మార్చింది. ఇంకో మెకానిక్కు బండి చుట్టూ ఒకసారి తిరిగి, దీని వయసు చూశారామ్మా, ఈ వయసులో మనకి వణుకు రాదా అన్నాడు. ఆ మాటకి ఆమె నవ్వి ఇంటికి వచ్చి ఏడ్చింది. బండి కోసమో, పెట్టెల కోసమో, తన వయసు కోసమో ఆమెకే తెలియదు. ఈయన అదంతా చూశాడు. చూసి, ఇంకో నెల దాకా నోరు విప్పలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈయన ఈ బండిని తాకలేదు. ఎక్కితే పక్కసీట్లో కూర్చునేవాడు, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఎవరింట్లోనో పెద్దవాళ్ళ ముందు కూర్చున్నట్టు. ఆయన పనిముట్ల పెట్టె అటక మీద ఉంటే దాన్నీ తీయలేదు, తన రెంచీలు తన గుడ్డసంచిలో తెచ్చుకున్నాడు. పోయిన వారం అన్నం తింటూ తింటూ, ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగి, "నేను ఒకసారి కింద చూడనా" అని అడిగాడు. ఆమెని కాదు. అత్తయ్యని. అత్తయ్య పెరుగు వడ్డిస్తూ, "చూడు నాయనా, నన్నడుగుతావేం, నేనేమన్నా మెకానిక్కునా" అంది.

"వదులు." అప్పటినుంచీ ఈ వారమంతా ఒక్కొక్కటీ కొట్టేస్తూ వచ్చాడు. ముందు ఆమెని తారురోడ్డు మీద నడపమని, తను చెప్పులు విప్పి రెండు అరికాళ్ళూ నేలరేకుకి ఆనించి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. వణుకు బాగా ఎక్కాక గేరు తీసెయ్యమన్నాడు. ఇంజను శబ్దం చప్పున తగ్గింది, వణుకు మాత్రం అలాగే ఉంది. అయితే ఇంజను కాదు. మర్నాడు ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి మార్చాడు. వణుకు చోటు మారలేదు. అయితే చక్రాలు కాదు. ఆ మర్నాడు ముందు చక్రాలకి బలం మోసుకుపోయే షాఫ్టు విప్పి గోడకి ఆనించి, వెనక షాఫ్టు ఒక్కదానితో నడపమన్నాడు. వణుకు నేను రాను అనలేదు. ఇక మిగిలింది వెనకది, బండి నడుము కింద పొడుగునా తిరిగే పొడవాటి గొట్టం, రెండు కొసల్లోనూ మెడ తిప్పినట్టు తిరగడానికి ఒక్కో క్రాసు. ఆ క్రాసులు అరిగిపోయి ఉంటాయనుకున్నాడు. ఇందాక కిందికి దూరి వాటిని పట్టుకుని ఊపి చూసి, "ఇవి బాగానే ఉన్నాయే" అన్నాడు, సంతోషించాల్సిన మాట దిగులుగా. జబ్బు చెప్పలేని డాక్టరు గొంతు అలాగే ఉంటుంది. ఆమె అలాంటి గొంతులు చాలా విన్నది.

ఈ అరికాళ్ళతో వినే అలవాటు లేత్ దగ్గర వచ్చింది ఈయనకి. ఈయనది లేత్ మీద ఇనుము చెక్కే పని. తేనె తీసే యంత్రం ఇరుసు వంగిపోతే ఆమె తీసుకెళ్ళి ఇచ్చింది, అలా పరిచయం. చేసిన ఇరుసుని పాత కాగితంలో చుట్టి తనే ఇంటికి తెచ్చిచ్చాడు. తర్వాత బేరింగు సరిగ్గా కూచుందో లేదోనని చూడటానికి వచ్చాడు. తర్వాత నూనె వేశారో లేదోనని. "ఏమే, లేత్ అబ్బాయి మళ్ళీ వచ్చాడు. మన యంత్రానికి రోగం ముదిరినట్టుంది" అని అత్తయ్య వంటింట్లోంచి, వినపడాల్సినంత గట్టిగా అనేది. యాభై దాటిన మనిషిని అబ్బాయి అనేది. అబ్బాయి చెవులు ఎర్రబడేవి. పెళ్ళి మాట ఎత్తింది కూడా అత్తయ్యే, ఆమె వద్దంటే, "నేను పోయాక ఈగలతో మాట్లాడుకుంటావా" అంది. ఆమె ఈగలతో మాట్లాడుతుందన్న సంగతి ఎవరికీ తెలియదనుకుంటూ ఉండేది అప్పటిదాకా.

"ఇక బ్రేకు పట్టుకోనక్కర్లేదు, వచ్చేసింది" అన్నాడు కింద నుంచి. బరువైనదేదో పట్టా మీద మెల్లగా వాలిన చప్పుడు. తర్వాత గుడ్డతో తుడుస్తున్న చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు. షెడ్డు చివర ఎండలో అత్తయ్య బఠాణీలు వలుస్తోంది, గింజలు పళ్ళెంలో పడుతున్నాయి. ఆమె తొంగిచూడబోయి ఆగింది. ఎందుకో ఆమెకి తెలుసు. ఏ మెకానిక్కయినా, ఏ మేస్త్రీ అయినా, ఏ దర్జీ అయినా ఇలాంటి మౌనం తర్వాత ఒకటే మాట అంటాడు. ఎవడు బిగించాడండీ దీన్ని. ఎవడు కట్టాడీ గోడ, ఎవడు కత్తిరించాడీ గుడ్డ. అది వాళ్ళు తిట్టుగా కూడా అనరు, ఊపిరి వదిలినట్టు అంటారు. ఆ షాఫ్టుని విప్పి బిగించినవాడు భూమ్మీద ఒక్కడే. ఆయన తర్వాత దాన్ని ఎవరూ ముట్టలేదు. ఈయన ఆ మాట అంటే తనేం చెప్పాలి, అనకపోతే మింగేసిన ఆ మాట ఈయన కడుపులో ఎన్నాళ్ళుంటుంది, అత్తయ్య వింటుందా, బఠాణీలు ఆగాయా. ఆగలేదు.

క్రాసులు మార్చడానికి విప్పాడు ఆయన. ఆమెకి ఆ రోజు బాగానే గుర్తుంది, వాన వచ్చేలా ఉంది, పొద్దు వాలుతోంది, లైటు పట్టుకోమని పిలిచాడు. ఆమె పొయ్యి మీద పాలు వదిలేసి వచ్చింది. బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి కిందికి చాచి లైటు పట్టుకుంది. దగ్గరికి అన్నాడు. పెట్టింది. ఇంకా దగ్గరికి. పెట్టింది. ఇటు కాదు, ఇక్కడ. ఇక్కడే కదా పెట్టాను. ఇక్కడ అంటే ఇక్కడ. ఆయన అలా విసుక్కునే మనిషి కాదు. ఇంకెంత దగ్గరికి పెట్టను, మీ కంట్లో పెట్టనా అంది ఆమె, పాలు పొంగుతున్న వాసన అప్పటికే వస్తోంది. ఆయన నవ్వాడు. సర్లే వెళ్ళు, చేత్తో చూసుకుంటాను అన్నాడు. ఆమె వెళ్ళింది. చేతులు తుడుచుకుంటూ ఆయన లోపలికి వచ్చేసరికి పాలు మాడిపోయి ఉన్నాయి, ఇద్దరూ అవే తాగారు. ఆయనకి కన్ను పోవడం మొదలైంది ఆ తర్వాత ఎప్పుడో కదా. వానలు తగ్గాక కదా. ఒక పొద్దున ఈగలకి పట్టే పొగడబ్బాని బల్ల మీద పెట్టబోయి బల్ల పక్కన గాల్లో పెట్టాడు, అది కింద పడి నిప్పులు చిమ్మింది, ఆ రోజు నుంచి కదా. డాక్టరు, తలలో గడ్డ కంటినరాన్ని నొక్కుతోందమ్మా, చూపు పక్కల నుంచి మూసుకుపోతూ వస్తుంది, ఎప్పటినుంచి ఉంది అనడిగితే, ఈమధ్యనే అండీ, నిన్నమొన్నటి దాకా బాగానే ఉన్నారు అని చెప్పింది ఆమే. ఎక్కడా ఏ సూచనా లేదు, పిడుగు పడ్డట్టు వచ్చింది అని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. ఇన్నేళ్ళూ ఆ మాట మీదే తల ఆనించి నిద్రపోయింది.

"కొంచెం కిందికి వస్తావా" అన్నాడు ఈయన.

ఆమె దిగి, చీర కుచ్చెళ్ళు దోపుకుని, పట్టా మీద పక్కకి వాలింది. షాఫ్టు ఇద్దరి మధ్యా పడుకుని ఉంది, పసిపిల్లలా. ఈయన దాన్ని ఒక కొస నుంచి ఒంటికంటితో చూడమన్నాడు. గొట్టం ఒక్కటి కాదు, రెండు ముక్కలు, ఒకదాంట్లో ఒకటి దూరి పళ్ళతో పట్టుకుంటాయి, దారి ఎగుడుదిగుళ్ళకి జారుతూ ఉండటానికి. ఇటు కొసన క్రాసుని పట్టుకునే రెండు కొమ్ముల ఫోర్కు ఒకటి, అటు కొసన ఒక ఫోర్కు. రెండూ ఒకే తీరుగా నిలబడాలి. ఇది నిలువుగా ఉంటే అదీ నిలువుగా. ఇక్కడ ఒకటి నిలువుగా ఉంది, రెండోది మెడ వంచి పక్కకి చూస్తోంది.

"ఇదే వణుకు" అన్నాడు. "ఒకటి ముందుకి లాగుతుంటే రెండోది దాన్ని సరిచెయ్యాలి. ఇలా ఉంటే రెండూ కొట్టుకుంటాయి. మెల్లగా పోతే తెలీదు, స్పీడెక్కితే ఊరుకోదు."

ఈయన గుడ్డతో గొట్టం మీద గ్రీజు ఇంకాస్త తుడిచి ఆమె వేలు పట్టుకుని ఒకచోట ఆనించాడు. సన్నటి గాటు. ఉలితో ఒక్క దెబ్బ, లోతుగా, శుభ్రంగా. తర్వాత వేలిని రెండో ముక్క మీదికి జరిపాడు. అక్కడ ఇంకోటి, మొదటిదానికి ఎదురుగా కాదు, బాగా పక్కకి.

"విప్పేముందే గుర్తులు కొట్టుకున్నాడు. ఇంత జాగ్రత్త గల మనిషి..." అని ఆగాడు. గొంతు తగ్గించాడు. "బిగించింది ఇంకెవరైనానా?"

"ఆయనే."

"గాటు కొట్టిన చెయ్యీ బిగించిన చెయ్యీ ఒక మనిషివి కావే."

"ఒకరివే" అంది. "లైటు నేనే పట్టుకున్నాను." ఆ తర్వాత పాలు, వాన, దగ్గరికి అంటే దగ్గరికి, కంట్లో పెట్టనా, అన్నీ వచ్చేశాయి. ఏడుపు రాలేదు, మాటలే వచ్చాయి, ఒకదాని మీద ఒకటి. ఈయన పక్కకి తిరిగి పడుకుని విన్నాడు. బండి అడుగున ఎండిన బురద రేణువొకటి రాలి ఈయన కనుబొమ్మ మీద పడింది, తుడుచుకోలేదు. ఆమె ఆగింది. నువ్వేం చేస్తావులే అంటాడేమో, అనకపోతే బాగుండు అనుకుంది, ఆ మాట చాలామంది చాలాసార్లు అన్నారు.

"చేత్తో చూసుకుంటానన్నాడా" అన్నాడు ఈయన.

"ఆ."

"చేత్తో ఇది తెలీదు. పళ్ళు ఎక్కడ కూర్చున్నా కూర్చున్నట్టే ఉంటాయి. నేనైనా అంతే బిగిస్తాను." రెంచీ అందుకుని, "కళ్ళు మూసుకుని మిగతా బోల్టులన్నీ ఇంత సరిగ్గా బిగించాడు. నాకు విప్పడానికి ప్రాణం పోయింది" అన్నాడు. ఆ మాటలో ఒక పనివాడు ఇంకో పనివాడికి ఇచ్చే గౌరవం తప్ప ఓదార్పు ఏమీ లేదు. అందుకే అది ఆమెకి తగలాల్సిన చోట తగిలింది. కళ్ళల్లోంచి నీళ్ళు పక్కకి జారి చెవిలోకి పోయాయి, పడుకుని ఏడిస్తే అంతే కదా, చెవి చల్లగా అయింది, ఆమె భుజంతో తుడుచుకుంది.

ఈయన రెండు ముక్కల్నీ విడదీశాడు. పళ్ళు కడిగి, ఎండ తగిలేలా తిప్పి చూసి, కొత్త గ్రీజు రాశాడు. రాసి, లోపలి ముక్క ఆమె చేతికిచ్చాడు. "నువ్వు దూర్చు. గాటుకి గాటు చూసుకో" అన్నాడు. అది బరువుగా ఉంది, చల్లగా ఉంది. ఒకసారి పెట్టింది, ఒక పన్ను తేడా వచ్చింది, లాగింది. మళ్ళీ పెట్టింది. గాటుకి ఎదురుగా గాటు వచ్చి, మధ్యలో వెంట్రుక పట్టనంత సందుతో నిలబడింది. ఆ రోజు ఆయనకి ఇది కనపడి ఉంటే అనుకోబోయింది. అనుకుంది కూడా, పూర్తిగా, చివరిదాకా. అనుకుంటే ఏమీ కూలిపోలేదు. షాఫ్టు చేతిలోనే ఉంది.

బిగించడం మళ్ళీ మొదలైంది. ఆమె పైకెక్కింది, తొక్కు, వదులు, తొక్కు. బఠాణీల పళ్ళెం పక్కన పెట్టి అత్తయ్య కర్ర ఊతంగా వచ్చి బండి పక్కన నిలబడింది. నిలబడే చోటు చూస్తే ఎంతోసేపటి నుంచి వింటున్నట్టే ఉంది.

"అబ్బాయ్, అది మావాడు బిగించిందేనా?"

కింద రెంచీ ఆగింది. "ఆయనేనమ్మా."

"తప్పు బిగించాడా?"

ఆమె బ్రేకు మీద కాలు అలాగే ఉంచింది. ఈయన బయటికి జరిగి వచ్చి, కూర్చుని, చేతులు తుడుచుకున్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు, అదే భయం. "ఒక ముక్క పక్కకి పడిందమ్మా. కానీ ముందే గుర్తులు కొట్టిపెట్టాడు. అవి లేకపోతే నేను ఇంకో వారం ఈ బండి కిందే కాపురం ఉండేవాణ్ణి."

"వాడంతే. చిన్నప్పుడు గడియారం విప్పినా చాక్‌పీసుతో గుర్తులు పెట్టేవాడు. గడియారం నడిచేది కాదనుకో" అంది అత్తయ్య. తర్వాత కర్ర మీద రెండు చేతులూ ఆనించి, ఆమె వైపు చూడకుండా అంది. "ఆ వానాకాలం అన్నం దగ్గర మంచినీళ్ళ గ్లాసు కోసం తడుముకునేవాడు. పక్కనే ఉండేది గ్లాసు. పరధ్యానం అనుకున్నాను. నీతో అందామనుకున్నాను, నువ్వు భయపడతావని ఊరుకున్నాను."

ఆమె సీటు దిగింది. బ్రేకు సంగతి మరిచిపోయింది, ఈయన కూడా గుర్తుచెయ్యలేదు. అత్తయ్య పక్కన నిలబడి ఆవిడ చెయ్యి మీద చెయ్యి వేసింది. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర, ఇద్దరూ చెరో ముక్క ఇన్నేళ్ళు దాచుకుని తిరిగారు. ఆమెకి కోపం రావాలేమో అనిపించింది. రాలేదు. అత్తయ్య చెయ్యి బఠాణీ తొక్కల వాసన వేస్తోంది.

"నువ్వు కూర్చో, నేనూ వస్తాను" అంది అత్తయ్య, బండి నేలకి దిగాక. ఎందుకన్నా వినలేదు. "బాగైందో లేదో నాకు తెలియాలా వద్దా" అంది. ఇద్దరూ చెరో చెయ్యీ పట్టి ఎక్కించారు. మధ్యలో కూర్చోబెట్టారు. ఈయన తలుపు పక్కన ఇరుక్కుని, అలవాటు ప్రకారం చేతులు మోకాళ్ళ మీద పెట్టుకోబోయి, చోటు లేక ఒక చెయ్యి అత్తయ్య వెనక సీటు మీదుగా చాచాడు. కొస వేళ్ళు ఆమె భుజానికి తగిలాయి. వెనక్కి తీసుకోలేదు.

తారురోడ్డు ఖాళీగా ఉంది. రెండో గేరు, మూడు, నాలుగు. నలభై. అత్తయ్య కళ్ళు గట్టిగా మూసుకుని పెదాలతో ఏదో లెక్కపెట్టుకుంటోంది. యాభై. ఆమె కాళ్ళ కింద రేకు కోసం ఎదురుచూసింది, ఆ సన్నటి వణుకు కోసం, ఒళ్ళంతా ముందే బిగుసుకుంది. రాలేదు. అరవై. అద్దంలో వెనక దారి ఉన్నచోటే ఉంది, చెట్లు చెట్లలా, గీత గీతలా. ఇంజను ఒక్కటే ఏదో గొణుక్కుంటోంది. అద్దాల సందులోంచి గాలి వచ్చే చప్పుడు ఈ బండిలో ఆమె ఇదివరకెప్పుడూ వినలేదు. ఈయన వైపు చూసింది. ఈయన చెప్పులు విప్పేసి, అరికాళ్ళు రేకు మీద ఆనించి, నోరు కొద్దిగా తెరుచుకుని, కిటికీలోంచి పొలాలు చూస్తున్నాడు.

అత్తయ్య మూసిన కళ్ళతోనే అడిగింది. "ఎందుకాపావే? అప్పుడే మళ్ళీ పాడైందా?"

"ఆపలేదత్తయ్యా" అంది ఆమె. "కళ్ళు తెరిచి చూడండి. పోతున్నాం."